పావురముల గూటిలో రోటా రోగము

2025వ సంవత్సరారంభమున మన సండూరు తాలూకాలోని కురేకుప్ప గ్రామమున కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్లు పరీక్షలవలన తేలినది. అంతకు కొంచెము ముందు, ఆ ఫిబ్రవరి నెలలోనే, ఆంధ్రదేశమున గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో అదే రోగము కనబడి వేలకొలది కోళ్ళు నశించియుండెను. మన దోణిమలై క్వార్టర్సులలో నివసించు తెలుగు కుటుంబములలో పలువురకు ఆ జిల్లాలలో బంధువులు కలరు. ఒకవైపునుండి టెలిఫోను వార్తలు, మరియొకవైపునుండి పొరుగూరి వార్త. రెండును కలసి మా వీధిలో కొన్ని వారములు కోడిమాంసము పేరెత్తినవారు లేకపోయిరి.

ఆ దినములలో పాఠశాలకు వచ్చిన తల్లిదండ్రులు కొందరు నన్నొక ప్రశ్న అడిగిరి. "మా వాడు పావురాలు పెంచుతున్నాడు సార్. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" నేను జీవశాస్త్రమును కొంతకాలము బోధించినవాడనే కాని పక్షివైద్యుడను కాను. అయినను ప్రధానోపాధ్యాయుని కుర్చీలో కూర్చున్నవానికి "నాకు తెలియదు" అనుట మిక్కిలి కష్టమైన పని. "తీసివేయుటే మేలు" అని చెప్పి పంపివేసితిని. ఆ తొందరపాటు సమాధానము ఆ వర్షాకాలమున తిరిగి నా గుమ్మములోనికే వచ్చినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మా ఏడవ తరగతి విద్యార్థి యొకడు తన క్వార్టరు పెరటిలో పాత చెక్కపెట్టెలతో గూళ్ళు కట్టి పదునొకండు పావురములను పెంచుచుండెను. ఆషాఢమాసమున ఒక సంతలో రెండు లక్కా పావురములను కొని తెచ్చి, ఆ సాయంకాలమే వానిని పాతవానితో కలిపి గూటిలో విడిచెను. ఐదవ దినమున పాత పావురములలో రెండు వీపు గూనిచేసుకొని, ఈకలు ఉబ్బించుకొని ఒక మూల కూర్చుండెను. మేత ముట్టలేదు. అంతకుముందు తిన్న జొన్నలను వెడలగ్రక్కినవి. రెట్ట పచ్చని నీరువలె నయ్యెను. మరునాటి ఉదయమునకు ఒకటి చచ్చెను. వారము తిరుగునప్పటికి మొత్తము నాలుగు పోయెను. వింత యేమనగా, సంతనుండి వచ్చిన ఆ లక్కాలు రెండును సంపూర్ణారోగ్యముతో తోకలు విసనకఱ్ఱలవలె విప్పుకొని తిరుగుచుండెను.

తండ్రి కోపముతో కుమారుని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చెను. "అన్నిటినీ వదిలెయ్యమని మీరైనా చెప్పండి సార్, నా మాట వినడంలేదు" అనెను. నేనును పూర్వపు ధోరణిలోనే, "కొండవైపు వదిలెయ్యి నాయనా, వాటి బతుకు అవి బతుకుతాయి" అంటిని. బాలుడు తలవంచుకొని మెల్లగా ఇట్లు చెప్పెను: "అవి కొండకు పోవు సార్. పొద్దుటికల్లా మళ్ళీ మన ఇళ్ళ మీదికే వస్తాయి. మన బడి ట్యాంకు మీద కూర్చునే పావురాలతో కలిసి నీళ్ళు తాగుతాయి. అప్పుడు వాటికి కూడా వస్తుంది గదా."

నాకు వెంటనే మాట తోచలేదు. పావురము ఎంత దూరమున విడిచినను తన గూటికే తిరిగివచ్చునను సంగతి నేను పాఠమున ఎన్నిమారులో చెప్పియుంటిని. ఒడిశా రాష్ట్రపు పోలీసుశాఖవారు ఈ గుణమునుబట్టియే 1946లో సైన్యమునుండి పావురములను తీసికొని వార్తాపావురముల సేవ నడపిరి. 1948 ఏప్రిలులో నెహ్రూగారు సంబల్పురమునుండి కటకమునకు తన సందేశమును పావురముచేత పంపిరి. ఆ సేవ 2008లో నిలచిపోయినది. ఇంత కథ పిల్లలకు చెప్పిన నేను, రోగము తగిలిన పావురమును విడిచిపెట్టుట యనగా రోగమును ఉత్తరమువలె ఊరిమీదికి పంపుట యని గ్రహింపలేదు. పండ్రెండేండ్ల పిల్లవాడు గ్రహించెను.

తరువాత మేము ఒక పశువైద్యుని పిలిపించితిమి. ఆయన మొదట కోళ్ళేవైనను చచ్చినవా యని విచారించెను. బర్డ్ ఫ్లూ సంగతి అప్పటికి ఎవరును మరచిపోలేదు. లేదని తెలిసిన తరువాత చచ్చిన పావురము నొకదానిని చూపుమనెను. అన్నిటిని అప్పటికే పాతిపెట్టియుండిరి. కనుక ప్రయోగశాల పరీక్షకు అవకాశము లేకపోయెను. ఆయన చెప్పిన రోగముల పేర్లలో రోటా ఒకటి. ఆ పేరు వినగానే నాకును, ఆ బాలుని తండ్రికిని ఒకే సందేహము కలిగెను. చంటిపిల్లలకు చుక్కలమందు వేయించునది ఆ రోటాకే కదా? పావురములనుండియే అది పిల్లలకు వచ్చుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము తిన్నగా చెప్పవలెనన్నచో రోటా యననేమో మొదటినుండి చెప్పవలసియున్నది.

1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున రూత్ బిషప్ అను విదుషీమణియు ఆమె సహచరులును విరేచనములతో బాధపడు చిన్నపిల్లల చిన్నప్రేగునుండి తీసిన కణజాలమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి ఈ వైరస్‌ను కనుగొనిరి. అది గుండ్రముగా, నడిమినుండి అంచువరకు బండిచక్రపు ఆకులవంటి గీతలతో కనబడినది. లాటిను భాషలో రోటా యనగా చక్రము. పేరు అట్లు వచ్చినది. దీని పరిమాణము మిల్లీమీటరులో దాదాపు పదివేలవ వంతు. ఒకదానిపై నొకటిగా మూడు పొరల గట్టి గుల్ల, ఆ గుల్లలోపల వంశలక్షణములను మోయు పదునొకండు తునుకలు, ఇంతే దాని శరీరము. క్రొవ్వుపొర లేని వైరస్ కాబట్టి బయట చాలకాలము చెడక యుండును. ఎండిన రెట్టలో వారములకొలది బ్రదికియుండగలదు. అది నోటిద్వారా లోనికి పోయి, చిన్నప్రేగు లోపలి గోడమీద ఆహారరసమును పీల్చు కణములను పాడుచేయును. పీల్చుకొనవలసిన నీరు పీల్చుకొనబడక విరేచనమై పోవును.

రోటాలో అనేక తెగలు కలవు. శాస్త్రజ్ఞులు వానికి ఇంగ్లీషు అక్షరములతో ఎ, బి, సి అని వరుసగా పేర్లు పెట్టిరి. మనుష్యులను ముఖ్యముగా బాధించునది ఎ తెగ. పక్షులలో ఎ, డి, ఎఫ్, జి తెగలు కనబడుచున్నవి. అమెరికాలో టర్కీకోళ్ళయందు 1970ల నాడే రోటాను గుర్తించిరి. మన దేశపు కోళ్ళలో డి తెగ ఉన్నట్లు మన పశువైద్య పరిశోధకులు కనుగొనిరి. కోడిపిల్లలకు ఇది సోకినచో పలుచని రెట్ట, ఎదుగుదల తగ్గుట మొదలగునవి కలుగును. పావురములలో నున్నది ఎ తెగకు చెందినది. 1980లలో జపాను దేశమున పావురమునుండి అట్టి వైరస్ నొకదానిని వేరుచేసిరి. కాని అప్పట్లో అది పావురములను మూకుమ్మడిగా చంపునంతటిదని ఎవరును తలంపలేదు.

ఆ తలంపును మార్చినది ఆస్ట్రేలియా. 2016 మే నెలలో ఆ దేశపు పశ్చిమరాష్ట్రమున పందెపు పావురములకు వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. రోగము తగిలినవి ఎక్కువ, చచ్చినవియు ఎక్కువ. డిసెంబరునకు అది ఖండమునకు ఆవలి కొసనున్న విక్టోరియా రాష్ట్రమున కనబడెను. 2017 మొదటి నెలలకు ఉత్తర ప్రాంతమొక్కటి తప్ప తక్కిన రాష్ట్రములన్నింటను వ్యాపించెను. పందెపు పావురములు, ప్రదర్శన పావురములు, మాంసమునకై పెంచు పావురములు, ఎవరును పెంచని ఒక ఊరపావురముల గుంపు, దేనిని అది విడిచిపెట్టలేదు. వైద్యులు చచ్చిన పక్షులను కోసి చూచిరి. పైకి చాలవానిలో ఏ లోపమును కనబడలేదు. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు మాత్రము కాలేయపు కణములు గుంపులుగా చచ్చియుండుట తెలిసినది. ప్రేగులను పట్టు వైరస్ కాలేయమును తినివేయుట పక్షిజాతిలో అంతకుముందెవ్వరును వర్ణించియుండలేదు. ఆ కాలేయమునుండియే కొత్తరకపు రోటాను వేరుచేసిరి. దానికి జి 18, పి 17 అను గుర్తు నిచ్చిరి.

ఈ వార్త ఐరోపాకు పోగా అచటి వైద్యులకు ఒక పాత చిక్కు విడిపోయినది. ఐరోపాలో పందెపు పావురముల పిల్లలు మొదటి సంవత్సరముననే మేత మాని, వాంతులు చేసికొని, మేతసంచి ఉబ్బి, గుంపులుగా చచ్చు రోగమొకటి చాలకాలమునుండి కలదు. దానికి లేబ్రాయపు పావురముల రోగమను పేరు తప్ప కారణము స్థిరముగా తెలియదు. ఒకరు ఈ వైరస్ అనిరి, ఒకరు ఆ వైరస్ అనిరి. జర్మనీ, బెల్జియము దేశముల చచ్చిన పావురములను తిరిగి పరీక్షింపగా ఆస్ట్రేలియా వైరస్‌కు బంధువైన రోటా కనబడెను. పిమ్మట ఆ వైరస్‌ను ఆరోగ్యముగానున్న పావురములకు ఎక్కించి చూడగా అదే రోగము వచ్చెను. చంపిన వైరస్‌తో పావురములకు టీకాలు కూడ ఆ దేశములలో తయారైనవి. మాకు మాత్రము ఇక్కడ అది దొరకలేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఇంత వేగముగా ఎట్లు వ్యాపించినది? గాలిలో ఎగిరి రాలేదు. ఈ వైరస్‌కు రెక్కలు పావురములవి, కాళ్ళు మనవి.

పావురముల జీవనవిధానమే ఈ రోగమునకు అనుకూలము. కోడి తన పిల్లలకు నేలమీద మేతను చూపును. పావురము అట్లు కాదు. తల్లియు తండ్రియు, ఉభయులును, తమ మెడక్రింది మేతసంచిలో ఊరు పాలవంటి పదార్థమును పిల్ల నోటిలో నోరుపెట్టి త్రాగింతురు. గుంపంతయు ఒకే తొట్టిలో ముక్కు ముంచి నీరు త్రాగును. ఆ తొట్టి అంచుమీదనే కూర్చుండి అందులోనే రెట్ట వేయును. రోగము తగిలిన పక్షి రెట్టలో వైరస్ లెక్కకు మించి యుండును. ఒక్కదానికి వచ్చినచో ఆ తొట్టి నీరు త్రాగు వానికన్నింటికిని వచ్చినట్లే. గూటిలో మొదటి పక్షి జబ్బుపడిన వారము దినములలో రోగము గూడంతయు చుట్టివచ్చుట అందువలననే.

ఒక గూటినుండి మరియొక గూటికి పోవుట మాత్రము మనుష్యుల పని. పందెములనాడు పలువురి పావురములను ఒకే గంపలలో కుక్కి లారీలలో దూరమునకు తీసికొనిపోయి విడుతురు. చెన్నపట్టణమునను బెంగుళూరునను ఇట్టి పందెపు పావురములను పెంచువారి సంఘములే కలవు. గంపలో ఒక రాత్రి గడపిన పక్షి మరునాడు తన గూటికి చేరును. తనతో ఏమి తెచ్చినదో యజమానికి తెలియదు. ప్రదర్శనలు, సంతలు, ఎరువిచ్చిన జోడు, ఒకరి గూటిలో త్రొక్కిన చెప్పులతోనే మరియొకరి గూటికి పోవుట, ఇవియన్నియు దారులే. మా విద్యార్థి సంతలో కొనిన లక్కాలు జబ్బుపడకుండుటలోని రహస్యము కూడ ఇచ్చటనే యున్నది. ఒకమారు రోగము వచ్చి కోలుకొన్న పక్షికి నిరోధశక్తి కలుగును. పైకి నిగనిగలాడుచుండును. కాని దాని రెట్టలో వైరస్ కొంతకాలము వెడలుచుండవచ్చును. కొనువాడు రోగపు పక్షిని కొనడు గదా, చూడచక్కని పక్షినే కొనును. మోసము అక్కడనే. ఆస్ట్రేలియాలో ఒకమారు రోగము వచ్చి తగ్గిన గూళ్ళలోనే మరల మరల వచ్చిన సందర్భములును కలవు.

అట్లని మా విద్యార్థి పావురములకు వచ్చినది రోటాయే యని నేను వ్రాయుట లేదు. పరీక్ష లేనిదే ఆ మాట చెప్పరాదు. వాంతి, పచ్చని నీళ్ళరెట్ట మరికొన్ని రోగములలోను ఉండును. కోళ్ళకు వచ్చు కొక్కెర తెగులును మీరెరుగుదురు. దానికి దగ్గరి చుట్టమైన వైరస్ పావురములలో నున్నది. అందులోను నీళ్ళరెట్ట కలుగును, కాని తరువాత మెడ తిరిగిపోయి పక్షి గింజను గురిచూచి పొడవలేకపోవును. గొంతులో పసుపుపచ్చని జున్నువంటి పొర కట్టినచో అది వేరొక సూక్ష్మజీవి పని. కీళ్ళు వాచి రెక్క వ్రేలాడినచో సాల్మొనెల్లా యని అనుమానింపవలెను. ఇది బాక్టీరియా కాబట్టి దీనికి మందు కలదు. రోటాకు వైరస్‌ను చంపు మందు లేదు. నీరు, వెచ్చదనము, శుభ్రత, అంతే. అందువలన మందుల దుకాణమునకు పరుగెత్తి ఏదో యొక యాంటీబయాటిక్ గుళికను నీళ్ళలో కలుపుట వ్యర్థము. చచ్చిన పక్షిని చేతితొడుగుతో తీసి, రెండు సంచులలో కట్టి, చల్లగానుంచి పశువైద్యునికి చూపుట ఉపయోగకరము. కోళ్ళు గాని కాకులు గాని పావురములు గాని ఒక్కసారిగా ఎక్కువ సంఖ్యలో చచ్చినచో ముట్టుకొనక పశుసంవర్ధకశాఖకు తెలుపవలెను. కురేకుప్ప అనుభవము మనకు దూరమున లేదు.

ఇక మన పిల్లల విషయము. పిల్లలకు వచ్చు రోటాయు పావురముల రోటాయు ఎ తెగవే అయినను ఒకటి కావు. ఒకే ఇంటిపేరుగల రెండు కుటుంబములవంటివి. పిల్లలలో సాధారణముగా కనబడునవి జి 1, పి 8 మొదలగు వేరు రకములు. అవి ఒక పిల్లనుండి మరియొక పిల్లకు చేతులవలనను, త్రాగునీటివలనను, ఆటవస్తువులవలనను అంటుకొనును. మన ఇళ్ళలోని విరేచనములకు పావురములే కారణమనుటకు ఆధారము లేదు. తల్లులు ఆ భయమును విడువవచ్చును.

ఈ వైరస్‌లు జాతిని దాటుట మాత్రము బొత్తిగా లేదనరాదు. 1983లో జర్మనీలో ఒక దూడనుండి తీసిన రోటా పక్షుల రోటాను పోలియుండెను. ఇట్టివి అరుదు. రెండు వైరస్‌లు ఒకే కణములో చేరినప్పుడు, రెండు పేకలను కలిపి పంచినట్లు, వాని పదునొకండు తునుకలు కలగలసి కొత్త వైరస్ పుట్టగలదు. ఈ కలగలుపు అన్నిమారులు కీడే కాదు. 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో పుట్టిన శిశువులయందు ఒక రోటాను మహారాజ్ కిషన్ భాన్ గారి బృందమువారు గుర్తించిరి. ఆ శిశువులకు వైరస్ సోకినను రోగము లేదు. పరిశీలింపగా అది మనుష్యుల వైరస్సే, కాని అందులో ఒక తునుక పశువుల రోటానుండి వచ్చినది. ప్రకృతియే కలిపి ఇచ్చిన ఈ వైరస్‌నుండి మన హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ చుక్కలమందు తయారుచేసినది. ఢిల్లీ, పూనా, వేలూరు కేంద్రములలో 6,799 మంది శిశువులతో జరిగిన పరీక్షలో, మొదటి సంవత్సరమున తీవ్రమైన రోటా విరేచనములు సగమునకు మించి తగ్గినవి. సగము చాలునా యని కొందరడుగుదురు. ఆ టీకా రాకముందు మన దేశమున రోటావలన ఏటేట చనిపోవు పసివారు సుమారు 78,000 మంది యని అంచనా. అందులో సగమననేమో మీరే లెక్కకట్టుడు.

2015లో ఆ మందు విడుదలయ్యెను. 2016లో ప్రభుత్వపు టీకాల కార్యక్రమమున దీనిని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నాటికి దేశమంతటను వ్యాపించినది. కనుక మనవంటి సరిహద్దు కుటుంబములవారు కాన్పునకు పుట్టింటికి గుంతకల్లు పోయినను, ఆదోని పోయినను, ఇక్కడనే యుండినను చుక్కలు దొరకును. ఆరవ వారమున, పదవ వారమున, పదునాలుగవ వారమున వేయింపవలెను. కాన్పునకు పోయిన ఊరిలో ఒక మోతాదు వేయించి, ఇక్కడకు తిరిగివచ్చి తక్కినవి మరచు తల్లులను నేను చూచియున్నాను. టీకాల పుస్తకమును బట్టలపెట్టె అడుగున కాక చేతిసంచిలో పెట్టుకొని రండు. చుక్కలు వేయించిన బిడ్డకు విరేచనములు రానేరావని కాదు. వచ్చినచో ఓ.ఆర్.యస్. పొట్లమును కాచి చల్లార్చిన నీటిలో కలిపి మాటిమాటికి పట్టింపుడు. చనుబాలు మానిపింపకుడు. కన్నులు లోతుకుపోయి బిడ్డ వాడిపోయినచో ఆసుపత్రికి తీసికొనిపోవుటలో ఆలస్యము తగదు.

పావురమువలన పిల్లలకు రాదగిన అపాయము రోటాకన్న రెట్ట ధూళిలోనే యెక్కువ. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చినప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. దగ్గు, ఆయాసము దీర్ఘకాలము పట్టుకొనవచ్చును. సిట్టకోసిస్ అను జ్వరము కూడ ఈ ధూళివలన రాగలదు. మన ఊరిలో ఎర్రదుమ్ము చాలదన్నట్లు ఇదొకటి ఎందులకు? రెట్టను మొదట నీటితో తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, పారతో గీకి తీయవలెను. ఉబ్బసముగల పిల్లలచేత ఆ పని చేయింపరాదు.

గూడు శుభ్రముచేయుటలో ఒక క్రమము కలదు. రెట్టమీదనే బ్లీచింగుపొడి చల్లి పని అయినదని తృప్తిపడుట చూచుచున్నాము. రెట్టయే ఆ పొడి బలమును తినివేయును, వైరస్ అడుగున క్షేమముగా నుండును. మొదట గీకి తీసి, సబ్బునీటితో కడిగి, ఆ తరువాతనే బ్లీచింగునీరు పోసి కొంతసేపు ఉంచి, మరల కడిగి ఎండబెట్టవలెను. పక్షులు లోపలనుండగా ఇది చేయరాదు. నీటిపాత్రను గూటి కఱ్ఱలక్రింద కాక, రెట్ట పడనిచోట ఎత్తుగా పెట్టి ప్రతిదినము కడుగవలెను. గూటిలోనికి వేరుగా ఒక జత చెప్పులుంచుకొనుట ఖర్చులేని ఉపాయము. చేతులు సబ్బుతో కడుగుట నేను చెప్పనక్కరలేదు.

గింజలు చల్లుటనుగూర్చి ఒక మాట చెప్పిన కొందరికి కోపము రావచ్చును. కోవెల ముంగిట పావురములకు గింజలు చల్లుట పుణ్యమని పెద్దల నమ్మకము, దానిని నేను కాదనను. చిన్నయసూరిగారి నీతిచంద్రిక చదివినవారికి చిత్రగ్రీవుని కథ జ్ఞాపకముండును. గింజలున్నచోట గుంపు వ్రాలును, గుంపు వ్రాలినచోట వల యుండును. ఈనాటి వల కంటికి కనబడనిది. ఒకేచోట నిత్యము రాశిగా పోసినచో అన్ని గూళ్ళ పక్షులును, ఊరపావురములును అచ్చట కలసి, ఒకదాని రెట్టలో పడిన గింజను మరియొకటి తినును. వేయదలచినవారు కొంచెముగా, దినమున కొకచోట, పిల్లల ఆటస్థలమునకును నీటితొట్లకును దూరముగా వేయుట మంచిదని నా అభిప్రాయము. బడి ఆవరణములో మాత్రము నేను మాన్పించితిని.

మరల మా విద్యార్థి కథకు వత్తును. పశువైద్యుని సలహానుబట్టి బాలుడు మిగిలిన తొమ్మిది పావురములను గూటిలోనే మూసియుంచి, జబ్బువానికి వేరు పెట్టెయు వేరు నీటిపాత్రయు నేర్పరచెను. తండ్రి షిఫ్టు దిగివచ్చి గూడు గీకుటకు తోడుపడెను. విడిచివేయుమని నాతో వాదించినవాడు ఆయనయే. ఆ తొమ్మిదిలో మరి యేదియు చావలేదు. నేను కూడ ఒక పని చేసితిని. బాలుడు చెప్పిన ఆ బడి ట్యాంకును, ఇరువది యేండ్లుగా క్రిందనుండియే చూచుచున్న దానిని, నిచ్చెన వేయించుకొని ఎక్కి చూచితిని. మూత ఒకవైపు విరిగి, చేయి పట్టునంత సందు ఉన్నది. అంచుచుట్టును రెట్ట అట్టలుకట్టియున్నది. ఆ నీటితోనే పిల్లలు మధ్యాహ్నభోజనమునకు చేతులును పళ్ళెములును కడుగుకొనుచుండిరి. వారము లోపల ట్యాంకును కడిగించి, కొత్త మూత వేయించి, పక్షులు వ్రాలకుండ పైన వల కట్టించితిమి. మీ క్వార్టర్సులమీది ట్యాంకులను ఎవరు ఎప్పుడు ఎక్కి చూచిరో నేనెరుగను.

కార్తికమాసమున ఆ బాలుడు మరియొక పావురమును కొనెను. ఈమారు దానిని ఇంటికి తీసికొనిపోలేదు. మా పాఠశాల పాత సామానుగది వరండాలో మామిడిపండ్ల పెట్టెకు తీగెవల కొట్టి, అందులో నుంచుటకు నా యనుమతి అడిగెను. నెలదినములు అక్కడ నుంచి, జబ్బేమియు లేదని చూచిన తరువాత పశువైద్యుని అడిగి ఇంటి గూటిలో చేర్చునట. ప్రతిదినము ముందుగా తన పాతవానికి మేతవేసి, తరువాతనే దీనియొద్దకు వచ్చును. దీనిని చూచినపిమ్మట మరల వాని గూటిచెంతకు పోడు. సబ్బుముక్కను కిటికీ అంచుమీద దాచుకొనెను. ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి పందొమ్మిది దినములు నిండినవి.